అడ్డం తిరిగిన బిడ్డ

డాక్టరు నీలవేణి విజయనగరంలో బట్టల కొట్టు నడిపే కోమట్లింటి పిల్ల. చిన్నతనంలోనే భర్త పోతే, తండ్రి నలుగురి మాటా కాదని మద్రాసు పంపి వైద్యం చదివించాడు. గజపతినగరం అవతల ఒక చిన్న ఆస్పత్రిలో ఆమె ఒక్కతే డాక్టరు. ఆమెకు నలభై దాటేసరికి యుద్ధం వచ్చింది, మందులు రావడం తగ్గింది. కాన్పులు మాత్రం తగ్గలేదు. బళ్ళ మీద ఆడవాళ్ళను తెచ్చేది అంతా చెయ్యి దాటాకే.

ఆ వేళ అప్పలనరసమ్మ అనే మంత్రసాని తెచ్చిన పిల్లకు కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఎప్పటిలాగే తిట్టడానికి నీలవేణి వసారాలోకి వచ్చింది. తిట్టే ఓపిక కూడా లేక మంత్రసాని పక్కనే కూలబడింది.

"ముందే ఎందుకు తేలేదే?"

"నాకెలా తెలుస్తాదమ్మా? మాయమ్మ సేసినట్టే నానూ సేస్తన్నాను. మీరు తిడతారు గానీ, ఇలాగని ఎప్పుడూ సెప్పనేదు."

నీలవేణి మర్నాడు అప్పలనరసమ్మను పిలిపించి, చేతులు సబ్బుతో కడిగించి, నిండు చూలాలి దగ్గరకు తీసుకెళ్ళింది. ఆమె చేతి మీద తన చెయ్యి వేసి కడుపు తడిమించింది.

"ఇది తల. గట్టిగా, గుండ్రంగా లేదూ? ఇది కిందికి ఉండాలి. పక్కన తగిలితే ఇంక ముట్టుకోకు, బండి కట్టించు."

సంతకు వచ్చినప్పుడల్లా అప్పలనరసమ్మ ఆస్పత్రికీ వచ్చేది. తలేదో పిర్రలేవో పోల్చుకోలేకపోయేది. నీలవేణి విసుక్కునేది, మళ్ళీ చూపించేది.

వానల్లో ఒక మధ్యాహ్నం బండి ఆగింది. లోపల దేముడమ్మ అనే రైతు కోడలు. నొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

"తల కుడి పక్కన తగుల్తన్నాదమ్మా," అంది అప్పలనరసమ్మ. "అత్తోరు వద్దన్నారు. నాను ఇననేదు."

నీలవేణి తడిమి చూసింది. నిజమే. ఉమ్మనీరు ఇంకా పోలేదు. నొప్పికీ నొప్పికీ మధ్య పైనుంచే మెల్లగా బిడ్డను తిప్పింది. మళ్ళీ పక్కకు జారకుండా అప్పలనరసమ్మ రెండు చేతులతో అదిమి పట్టింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టి, కెవ్వుమంది.

ఆ వారమే తమ్ముడు నగరేశ్వరరావు వచ్చాడు. అక్క కళ్ళ కింద నలుపు చూసి, "ఇంక చాలప్పా. మానేసి ఇంటికొచ్చెయ్యి," అన్నాడు.

అంతకు ముందైతే పెట్టె సర్దుకునేదే.

"అలిసిపోయాన్రా, కాదనను," అంది నీలవేణి. "కానీ పొరుగూరి మంత్రసాని మరిడమ్మ కూడా వస్తానందిట. దానికి మొదటినుంచీ చెప్పాలి."

ఆ మాటంటూనే గోడకు తల ఆన్చి, కూర్చున్న చోటే నిద్రపోయింది.