చీటీలో రాసిన పేరు

ఆ రోజు నేను చేసిన తప్పు, సరిగ్గా తెలుసుకోకుండా ఒక మనిషి పేరు రాసివ్వడం.

కాడుగోడిలో మా రెండు వీధుల ముఠాలు కత్తులు దూసుకోవడంతో, వార్డు ఆఫీసులో పోలీసులు సమావేశం పెట్టారు. గొడవలు ఎగదోసేవాళ్ళ పేర్లు చీటీల్లో రాసివ్వమన్నారు. నేను మునిరాజు పేరు రాశాను. ఒకప్పుడు రౌడీ, ఇప్పుడు పంక్చర్ షాపు నడుపుతున్నాడు. సాయంత్రమైతే రెండు వీధులవాళ్ళూ అతని క్యారమ్ బోర్డు చుట్టూ చేరేవారు. అక్కడేం జరుగుతుందో తెలుసుకోవాలని ఎంత కుతూహలమున్నా, ఏనాడూ దగ్గరికి వెళ్ళి చూడలేదు.

చీటీలు చదివిన ఇన్‌స్పెక్టర్, "మునిరాజూ, రేపటి నుంచి బోర్డు తీసెయ్" అన్నాడు.

వెనక వరసలో ఉన్న మునిరాజు లేచాడు. "తీసేస్తా సార్. నా బోర్డు కాడ ఈ వీధోనికి ఆ వీధోడే జోడీ. కొట్లాడుకుంటే ఇద్దరూ ఓడతారు. ఆడేటోళ్ళు మళ్ళా కత్తి ముట్టలేదు. పేరు రాసినాయప్ప ఒక్కసారన్నా వచ్చి చూసుంటే బాగుండు."

"రాసింది నేనే సార్, చూడకుండా రాశాను" అన్నాను లేచి. అందరూ నావైపు తిరిగారు. ఇన్‌స్పెక్టర్ నా చీటీ చింపేసి, "బోర్డు ఉండనీ" అన్నాడు.

మర్నాడు షాపుకు వెళ్ళి క్షమించమన్నాను. "ముందు కూర్చోప్పా, ఆటకు ఒకరు తక్కువుండారు" అన్నాడు మునిరాజు.

ఇప్పుడు రెండో బోర్డు మా ఇంటి వసారాలో ఉంది. అక్కడేం జరుగుతోందని ఎవరైనా అడిగితే, లోపలికొచ్చి చూడమంటాను.