ఆ ఇఫ్తార్‌లో ఆమె తలూపింది

ఇది చెప్పడానికి ఇన్నేళ్ళూ భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందైతే నోరు పెగలదు.

పోయిన వారం మా పేట పత్రికలో కరోల్ చనిపోయిందని చదివాను. అమెరికాలో ఓ చిన్న ఊళ్ళో పుట్టింది, అక్కడే స్కూల్ బోర్డుకు పోటీ చేసి గెలిచింది, భర్త వెంట సిడ్నీ వచ్చి, పారమట్టా పక్కన మా పేటకి కౌన్సిలర్ అయింది, ఒకసారి ఓడిపోయాక మళ్ళీ నిలబడలేదు. ఎందుకు ఓడిపోయిందో రాయలేదు. రాసినవాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

అవి వై టూ కే రోజులు. హైదరాబాద్‌లో కోర్సు చేసి, గుంటూరు వదిలి వచ్చి, ఒక బ్యాంకు కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనిలో ఉన్నాను. మాకంటే ఎంతో ముందు వచ్చి స్థిరపడిన డాక్టర్ రహీం అంకుల్ ఇంట్లో ఓ గదిలో ఉండేవాణ్ణి. వాళ్ళమ్మాయిని నాకిచ్చే మాటలు నడుస్తున్నాయి. శుక్రవారం నమాజుకి మాకు చోటు లేదు. కౌన్సిల్ హాలు మాకిప్పించాలని కరోల్ ఒక్కతే పట్టుబట్టింది. అందుకు ఆమె వీధివాళ్ళే ఆమెను తిట్టారు. అయినా వదల్లేదు. ఎన్నికలు రాబోతున్నాయి, మనవాళ్ళంతా ఆమెతో ఓసారి కూర్చుని తినాలని అంకుల్ పార్కులో ఇఫ్తార్ పెట్టించారు.

మాంసం తెచ్చే పని నాది. హలాల్ కొట్టు దూరం. ఆ శనివారం కూడా ఆఫీసులో టెస్టింగ్ తెమలలేదు. వెళ్ళేసరికి కొట్టు మూసేశారు. అంకుల్‌కి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఖర్జూరాలున్నాయి, పళ్ళున్నాయి, ఆంటీ వండిన పలావుంది, ఎవరూ పస్తుండరు. ఎందుకు చెప్పలేదు? కాబోయే మామగారి దగ్గర చేతకానివాడిననిపించుకోవడం ఇష్టం లేకనా? అంతేనా? స్టేషన్ పక్క సూపర్‌మార్కెట్లో సాసేజ్‌లు కొన్నాను. పంది కాదు కదా, గొడ్డు మాంసమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. హలాల్ కాదని తెలిసే కొన్నాను. రోజా ఉన్నవాళ్ళకి నా చేత్తో కాల్చి పెట్టాను.

అందరూ తిన్నాక అంకుల్ చెత్తబుట్టలో ఆ ప్యాకెట్ల కవర్లు చూశారు. నా దగ్గరికొచ్చారు. పక్కనే కరోల్ తన కార్లో తెచ్చిన కూల్‌డ్రింకులు పిల్లలకి పంచుతోంది.

"ఈ సాసేజెస్ ఎవరు తెచ్చారయ్యా? హలాల్ అని ఎక్కడా లేదే!"

తడుముకోకుండా అన్నాను: "నేను వెళ్ళేసరికి మన కొట్టు మూసేశారు, ఇవి మేడం తెచ్చారంకుల్, కవరు చూసుకోకుండా కాల్చేశాను. పాపం, ఆవిడకి తెలీదు కదా."

మేం మాట్లాడింది తెలుగులో. నేను చెయ్యి చూపించింది ఆమె వైపు. మెచ్చుకుంటున్నాననుకుంది కాబోలు, నవ్వి, అంకుల్‌ని చూసి తలూపింది.

అంకుల్ ఆ కవర్లని చెత్తబుట్ట అడుక్కి తోసేశారు. తర్వాత చుట్టూ చేరిన మావాళ్ళతో మెల్లగా అన్నారు: "మన గెస్ట్. ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట కూడా అడగొద్దు."

ఆ మర్యాదే నన్ను కాపాడింది. ఒక్కరు అడిగినా ఆమె కాదనేది, నా బతుకు బజారున పడేది. ఎవరూ అడగలేదు. ఇంటింటా గుసగుసలు మాత్రం నడిచాయి. ఫోన్ మోగితే ఎత్తేవాణ్ణి కాదు. ఎన్నికల్లో మావాళ్ళు ఆమెకు ఓటెయ్యలేదు. హాలు గొడవతో ఆమె వీధివాళ్ళు ముందే దూరమయ్యారు. ఆమె ఓడిపోయింది, హాలు మాట అక్కడితో ఆగిపోయింది. చాలా ఏళ్ళు అంకుల్ కారు షెడ్డులోనే నమాజు చేసుకున్నాం. ముందు వరసలో నేనుండేవాణ్ణి.

తర్వాత ఆమె లైబ్రరీలో కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పేది. దూరం నుంచి చూస్తే రోడ్డు దాటేసేవాణ్ణి. ఒకసారి ఎదురుపడింది. మీవాళ్ళకి నామీద ఏం కోపం అని అడుగుతుందని చచ్చేంత భయపడ్డాను. మా పిల్లల పేర్లు అడిగి, వెళ్ళిపోయింది. తెలియక అడగలేదా? అన్నీ తెలిసే అడగలేదా? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

అంకుల్ ఇప్పుడు నాకు మామయ్య, బాగా పెద్దవారయ్యారు. ప్రతి రంజాన్‌కీ నేను మాంసానికి బయల్దేరుతుంటే, "చూసి తేవయ్యా, ఆ కౌన్సిలరమ్మలా చేసేవు" అని ఆటపట్టిస్తారు. మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

మళ్ళీ రంజాన్ దగ్గరపడింది. ఆయన ఆ మాట మళ్ళీ అంటారు. ఆయన మొహంలోకి చూసి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ రాలేదు, వస్తుందని కూడా అనుకోను. ఆమెకు చెప్పే వీలు ఇక లేదు. మీకైనా చెప్పనివ్వండి.

ఆ సాసేజ్‌లు తెచ్చింది నేను.