పక్కనే ఉన్న మట్టి

మా వీధి చివర కొత్త ప్లాట్లలో టిప్పర్ మొరం కుమ్మరించినప్పుడల్లా కిటికీ మూయబోయి ఆగిపోతాను. రాళ్లు దొర్లే గరగర చప్పుడు, వెంటనే ముక్కుకు తగిలే పొడి ఎర్రమట్టి వాసన. ఇరుగుపొరుగువాళ్లు దుమ్మని విసుక్కుంటారు. నాకు ఎస్తేరు మేడం గుర్తుకు వస్తారు.

ఎనభైల చివర నేను ఉప్పల్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు జువాలజీ చెప్పేవారు. మెదక్ జిల్లా పల్లెనుంచి వచ్చి నాచారంలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వారిది. డిబేటు పోటీలకు మమ్మల్ని తయారుచేసే బాధ్యత కూడా ఆమే తీసుకున్నారు. ఆమె పద్ధతి వేరు. వాదన ముగియగానే చప్పట్లు కొట్టనిచ్చేవారు కాదు. మాట్లాడినవాళ్లే ఎదురు పక్షానికి వెళ్లి, తాము కట్టిన వాదనను తామే కూల్చాలి. ఆ రోజుల్లో అక్కడి ఫ్యాక్టరీల వెనక పల్లపు నేలలో చెత్త డంపు ఒకటి ఏటేటా పెరుగుతూ ఉండేది. దాన్ని పూర్తిగా తొలగించాలని ఒక సాయంత్రం నేను ఆవేశంగా వాదించాను. ఆమె బల్లమీద చాక్‌పీసు దొర్లిస్తూ విన్నారు.

“ఎత్తేసి యాడ ఏస్తవ్ బిడ్డా? మీ వాకిట్ల ఏస్తవా?”

“అలా కాదు మేడం, సూత్రప్రాయంగా...”

“సూత్రం మీద చెత్త ఆగదు. ఊరున్నన్ని దినాలు చెత్త ఉంటది. అది ఉండంగనే, దాని పక్కన బతికేటోళ్లకు నష్టం ఎట్ల తగ్గించాల్నో గది చెప్పు.”

బతికేవాళ్లంటే మనుషులే అనుకున్నాను. తరువాతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె నన్ను ఆ డంపు అంచుకు తీసుకువెళ్లారు. చెత్త ముగిసేచోట గులకరాళ్ల బీడు ఒకటి మొదలవుతుంది. గడ్డి కూడా సరిగా మొలవని ఆ నేలమీద తీతువులు గుడ్లు పెట్టేవి. గూడంటూ ఉండదు, రాళ్లమధ్య రాళ్లలాగే గుడ్లు. చూస్తుండగా ఒక పిట్ట నాలా వైపునుంచి వచ్చి, తడిసిన పొట్టతో గుడ్లమీద కూర్చుంది.

“ఎండకు గుడ్లు ఉడకకుండ కడుపు తడుపుకొని వస్తది,” అన్నారు మేడం గొంతు తగ్గించి. “మా అత్త ఈ పిట్ట కూస్తే తలుపులు పెడ్తది. చావు తెస్తదంట. దీనికి చావు ఎవరు తెస్తున్నరో అడిగేటోళ్లు లేరు.”

డంపు పెరిగేకొద్దీ కాకులు, కుక్కలు పెరిగాయి. తిండికి వచ్చినవి తిరిగి వెళ్తూ గుడ్లు కూడా తినిపోతున్నాయి. కొన్ని వేసవులుగా అక్కడ ఒక్క తీతువు పిల్ల కూడా నడవగా ఆమె చూడలేదు. ఈసారైనా చూడాలన్నది ఆమె పట్టుదల. అందుకు ఆమె ఆలోచించిన ఉపాయం సులువైనది: ఆ రోజు పడిన చెత్తను సాయంత్రానికల్లా మట్టితో కప్పించడం. తిండి కనబడకపోతే కాకులూ కుక్కలూ వాటంతటవే పలచబడతాయి.

పారిశుద్ధ్యం చూసే అధికారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

“తీతువు కోసం వచ్చిన్రా మేడం? అది కూస్తేనే జనం ఉరుకుతరు. మీరేమో దాని తరఫున వకీలు!”

“పిట్టను పక్కన పెట్టున్రి సార్. మట్టి కప్పితే ఈగలు తగ్గుతయి, వాసన తగ్గుతది. బస్తీ జనం మీకే దండం పెడ్తరు.”

“మంచిదే. గని మట్టి యాడికెల్లి తేవాలె? ట్రాక్టర్ డీజిల్‌కే తిప్పలైతున్నది.”

మేడం క్షణం కూడా తడుముకోలేదు. “దూరం పోవుడెందుకు సార్? పక్కన్నే మస్తున్నది గదా!”

ఆయన ఆలోచించి తల ఊపారు. నేను పొంగిపోయాను. ఎదుటివారి చివరి అభ్యంతరాన్ని ఒక్క వాక్యంతో తీసివేయడం పోటీల్లో మాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చే విద్య.

చెప్పినట్టే జరిగింది. డంపుమీద కాకుల మూక పలచబడింది. ఇరానీ హోటల్లో మేడం నాకు చాయ్, సమోసా ఇప్పించారు. పరీక్షల తొందరలో కొన్ని వారాలు అటు వెళ్లలేకపోయాం. వెళ్లేసరికి బీడు లేదు. మోకాలిలోతు తవ్విన ఎర్రటి గుంత ఉంది. దానిపైన రెండు తీతువులు అరుస్తూ తిరుగుతున్నాయి. ట్రాక్టర్ డ్రైవర్ యాదగిరి మమ్మల్ని చూసి సంతోషంగా చెయ్యి ఊపాడు.

“మేడం, మీరు చెప్పినట్టే పక్కదే తీస్తున్నం. ఒక్క దినం గూడ తప్పలే!”

‘పక్కనే’ అన్నప్పుడు ఆ పక్కనున్నది ఈ బీడేనని మా ఇద్దరికీ తట్టనేలేదు. మేడం గుంత అంచుదాకా వెళ్లి, “నీకు దండం పెడ్త, ఇయ్యాల్టికి ఆపు యాదగిరీ,” అన్నారు. అతడు ఎందుకో అర్థంకాకపోయినా ఇంజన్ ఆపాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె అధికారి ఇంటికి వెళ్లి బతిమాలారు. కొత్తగా కడుతున్న ఇళ్ల పునాదుల మట్టి వాడడానికి ఆయన ఒప్పుకున్నారు కూడా. అయితే వానలు పడి గుంతలో నీళ్లు నిలిచాయి. దోమలొస్తున్నాయని బస్తీవాళ్లు గొడవ చేశారు. ఉన్న గుంతే కదా అని చెత్తతో పూడ్చారు. ఆ విధంగా డంపు మరికొంత ముందుకు జరిగింది. తీతువులు మళ్లీ అక్కడ గుడ్లు పెట్టలేదు.

ఒకరోజు స్టాఫ్‌రూములో ఆమెను ఓదార్చబోయాను. తప్పు మనది కాదనీ, అధికారులు అర్థం చేసుకోలేదనీ అన్నాను.

“మన మాట ఇనలేదని కాదు బిడ్డా నా ఏడుపు,” అన్నారు. “ఇన్నరు. అక్షరం పొల్లుపోకుండ ఇన్నరు.”

ఆ ఏడాదినుంచి మా సాధనలో ఒక నియమం చేరింది. గెలిచిన పక్షం మళ్లీ లేచి నిలబడి, తాము అడిగింది అడిగినట్టే జరిగితే దెబ్బతినేది ఎవరో చెప్పాలి. చెప్పలేకపోతే గెలుపు లేదు. కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. కొత్త పిల్లలు దాన్ని చాదస్తమనుకుని నవ్వేవారు. మేడం పోయి చాలా కాలమైంది. ఆ బీడుమీద తీతువు పిల్ల నడవడం ఆమె చూడనేలేదు.

ఎదురు పక్షం నోరు మెదపకపోతే వాదన గెలిచినట్టని నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ సమావేశంలోనైనా నా ప్రతిపాదనకు అందరూ సరేనంటే నాకు సంతోషం కలగదు. ఆ గదిలోకి రాలేనివాళ్లు ఎవరా అని వెతుక్కుంటాను. ఒక్కోసారి సమయానికే కనబడతారు. ఎక్కువసార్లు, అందరం సరేనని లేచి వచ్చేశాక.