దారి లేని పోస్టు, రక్తం లేని డిస్క్

రక్తం కారనిదే అది గాయం కాదని మీరు నమ్ముతారా? నేను నమ్మాను. నమ్మడమే కాదు, వాదించి గెలిచాను.

సైన్యంలో నా నాలుగేళ్ల సర్వీసులో మూడో ఏట, అక్టోబరు చివర, ఉదయం పదకొండున్నరకు ఆ సరిహద్దు కాపలా పోస్టుకు చేరాను. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. రెండు బంకర్లు, తొమ్మిది మంది. రోడ్డు లేదు. కిరోసిన్, రేషన్, బ్యాటరీలు కింది డిపో నుంచి మా వీపుల మీదే రావాలి. మనిషికి ఇరవై ఐదు కిలోలు. ఎక్కడానికి మూడు గంటలు.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది శ్రీకాకుళం వైపు. నాకంటే రెండేళ్లు పెద్ద. హిందీవాళ్ల మధ్య భిలాయిలో పుట్టిపెరిగిన నా తెలుగు విని తొలిరోజే నవ్వాడు. "ఏటి తమ్ముడూ, తెలుగుకి కూడా హిందీ యూనిఫాం తొడిగేసినావు?"

రోజుకు ఎనిమిది గంటలు సెట్టు ముందు వంగి కూర్చునేవాడు. బీడీ మీద బీడీ. ఆ తరువాత మాతోపాటు బరువుల మోతకు వచ్చేవాడు.

డిసెంబరులో అతనికి నడుము పట్టేసింది. "పడుకుంటే కుసింత నయం. కూకుంటే మళ్లీ మొదలు," అన్నాడు. పోస్టులో వైద్యం చూసే నర్సింగ్ అసిస్టెంట్ పరీక్షించి, పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్‌తో అన్నాడు: "వారం పాటు ఇతనికి బరువు వద్దు."

నేను అడ్డుపడ్డాను. కాలేజీలో మూడేళ్లు డిబేట్ చేసినవాణ్ణి. "వాపు లేదు, గాయం లేదు. రుజువేది?"

"మన పోస్టుకు రోడ్డుందా?" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. "వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కూ లేదు. దాని లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న ఎముకల్లోని రక్తం నుంచి, పలుచని మృదులాస్థి పొర గుండా, పోషకాలు ఊరుతూ నడిమధ్యకు చేరాలి. బరువు పడితే డిస్క్‌లోని నీరు బయటికి పోతుంది. పడుకుంటే తిరిగి పీల్చుకుంటుంది. పొగ ఆ సన్న నాళాలను కుదిస్తుంది. వయసు ఆ పొరను గట్టిపరుస్తుంది. సరఫరా తగ్గితే నడుమనున్న కణాలు ముందు చస్తాయి. అప్పుడు నీటిని పట్టి ఉంచే పదార్థం తయారుకాదు. డిస్క్ ఎండుతుంది, పగులుతుంది."

"ఇతని డిస్క్ అలాగే ఉందని చూపగలరా?"

"ఇక్కడ యంత్రం లేదు."

"అయితే అది అభిప్రాయం మాత్రమే."

సుబేదార్ సాబ్ తల ఊపాడు. "కుర్రాడి మాటలో లాజిక్ ఉంది. మోత మామూలే."

బయటికొచ్చాక ఆపరేటర్ అడిగాడు: "నాను మోయకపోతే ఆ బ్యాటరీలు నీ ఈపు మీదకొస్తాయనేనా, తమ్ముడూ?"

అతను సరిగ్గానే కనిపెట్టాడు.

మూడో రోజు. మైనస్ పన్నెండు డిగ్రీలు, తాజా మంచు. అతను ముందు, నేను వెనక, డిపో నుంచి బరువులతో ఎక్కుతున్నాం. పదీ నలభైకి రెండో మలుపు దగ్గర కూలబడ్డాడు. అతని దగ్గరున్న చిన్న సెట్టు మీదే పోస్టును పిలిచాను.

"ఆపరేటర్ నడవలేడు. ఓవర్."

నర్సింగ్ అసిస్టెంట్ పలికాడు. "కాలు మొద్దుబారిందా? ఓవర్."

"అవును. ఓవర్."

"కదిలించకండి. స్ట్రెచర్ తెస్తున్నాను."

మంచు వల్ల హెలికాప్టర్ రాలేదు. నలుగురం ఆరు గంటలు మోసి కిందికి దించాము. తరువాత ఆపరేషన్ జరిగింది. కుడి పాదం మాత్రం లేవలేదు. అతన్ని సర్వీసు నుంచి పంపేశారు.

నా నాలుగేళ్లు పూర్తయ్యాయి. దుర్గ్‌లో రైలు దిగి, భిలాయి రిసాలిలోని మా స్టీలు ప్లాంటు క్వార్టర్‌కు వచ్చిన వారానికే, పక్కింటి అంకుల్ మా నాన్నతో తన కింది కార్మికుడి గురించి చెబుతున్నాడు. "నడుం నొప్పట. ఎక్స్‌రేలో ఏటీ లేదు. పక్కా కామ్‌చోర్, పని దొంగ." నాన్న నవ్వారు.

"ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది అంకుల్, డిస్క్ కనబడదు," అన్నాను. ఇద్దరూ మాట మార్చారు.

ఆ రోజు మంచులో, ఆపరేటర్ కూలబడే ముందు, దాదాపు ఇరవై మీటర్లు. ఎడమ పక్క విడివిడి అడుగుజాడలు. కుడి పక్క బూటు ముక్కు ఈడ్చుకుపోయిన, తెగని గీత. వెనక నడుస్తూ దాన్ని చూశాను. ఆగమని అనలేదు. ఆ గీత నన్ను వదలదు.

మీరు పనిచేసే చోటనో, ఇంట్లోనో ఎవరైనా నడుము నొప్పి అంటే రుజువు అడగకండి. ముందు వారి చేతిలోని బరువు దించండి. కాలు మొద్దుబారుతోందా, పాదం ఈడుస్తోందా అని అడగండి. అవునంటే, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.