టీ ట్రేలో గుండీలు

వీధిలో అందరూ ఆమెను చిన్న టైలరమ్మ అంటారు. పెద్ద టైలరమ్మ ఆమె అక్క. కుట్టు నేర్పింది అక్కే. పెళ్లయి వేరే ఊరికి వెళ్తూ, "నీది ఉత్త తొందర కుట్టే!" అని ఒక మాట అనేసి బండెక్కింది. ఆ మాట ఇన్నేళ్లూ చెల్లెలి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అక్కకు తన పనితనం చూపిద్దామంటే ఇంట్లో ఏముంది గనక? కుట్టిన బట్టలన్నీ జనం ఒంటిమీద ఊరంతా తిరుగుతున్నాయి. మిగిలినవి గుండీలే. ఏ బట్ట కుట్టినా, మిగిలిన గుండీ ఒకటి అడిగి డబ్బాలో దాచుకోవడం ఆమె అలవాటు.

సాయంత్రం వస్తున్నానని అక్క ఫోన్ చేయగానే ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు. అంచుల్లో తీగలు చెక్కిన టీ ట్రే తీసి తుడిచింది. అడుగున నీలం వెల్వెట్టు ముక్క పరిచింది.

"మరి టీ దేంట్లో ఇస్తావు?" అన్నాడు భర్త.

"గ్లాసులో. ఎప్పుడైనా ట్రేలో పోసుకుని తాగారా ఏం?"

డబ్బాలోని గుండీలు వెల్వెట్టుమీద పేర్చింది. నడుమ రైలు గార్డు కోటుకు పెట్టగా మిగిలిన ఇత్తడి గుండీ. చుట్టూ తళతళలాడే ముత్యపుచిప్ప గుండీలు. ఓ మూల పసిపిల్ల వానకోటుది, బాతుపిల్ల గుండీ. చూస్తుంటే ఆమెకే ఒళ్లు పులకరించింది. తీరా ట్రే ఎత్తేసరికి అన్నీ జరజరా జారి ఓ పక్కకు చేరాయి! ఇంకొకరైతే జిగురు వెతికేవారు. ఆమె చేయి సూదివైపు వెళ్లింది. ఒక్కో గుండీనీ, చొక్కాకు కుట్టినట్టే, వెల్వెట్టుకు బిగించి కుట్టేసింది.

అక్క గుమ్మం ఎక్కుతూనే, "కళ్లు మూసుకో!" అంది చెల్లెలు.

"మెట్లమీదా? పడితే నన్ను ఎవరు లేపుతారే?"

కిటికీ దగ్గర ట్రే చూడగానే అక్క ముఖం విప్పారింది. ఇత్తడి గుండీ అందుకోబోయింది. రాలేదు. లాగితే దానితోపాటు వెల్వెట్టూ లేచింది.

"ఓసి పిచ్చిదానా, కుట్టేశావా!" పగలబడి నవ్వింది అక్క. "ముచ్చటపడి దాచుకున్నవి చేతిలోకి తీసుకుని చూసుకోవద్దటే?"

చెల్లెలి ప్రాణం ఉసూరుమంది. మళ్లీ తొందరపడ్డాను కాబోలు అనుకుంది.

అక్క మాత్రం వెల్వెట్టును ట్రేలోంచి పూర్తిగా లాగి తిరగేసింది. కుట్టు తెలిసినవాళ్ల చూపు ముందు పోయేది అటే. కుట్లమీద బొటనవేలు మెల్లగా నడిపింది.

"ఎప్పుడు కుట్టావే ఇది?"

"ఇందాకే. నీ ఫోన్ వచ్చాక."

"ఇంత తొందరలోనా? ఒక్క ముడీ పైకి లేదు, ఒక్క పోగూ వేలాడటం లేదు! నేను కూడా ఇట్లా కుట్టలేనే!" అంటూ అక్క గుడ్డను తిరగేసినట్టే ట్రేలో పరిచింది.

"అయ్యో, గుండీలు అడుక్కి పోయాయి!"

"పోనీ. అవి ఏ మిషన్లోనో పుట్టినవి. నీ చేతిది ఇటువైపే!"

"నా బాతుపిల్ల కనపడొద్దూ?"

చెరో అంచూ పట్టుకుని లాక్కుంటూ ఇద్దరూ చిన్నపిల్లల్లా విరగబడి నవ్వారు. చివరికి చిన్న టైలరమ్మే అరిచింది:

"ఏమండోయ్, కొట్లు మూసేలోగా పరుగెత్తండి! ఇలాంటి ట్రే ఇంకోటి పట్టుకురండి, ఒకదాంట్లో ముందువైపు, ఒకదాంట్లో వెనకవైపు!"

ఆయన చెప్పులు వెతుక్కునేలోపే అక్క కుర్చీ లాక్కుని, ఇంకో వెల్వెట్టు ముక్క ఒళ్లో పరుచుకుని, సూదిలోకి దారం ఎక్కించేసింది.