గోడ మీద మూడు దెబ్బలు

వీధి వీధంతా ఆమెను మిషనమ్మ అనే పిలిచేది. వయసు నలభై. తల్లి పోతూ వదిలి వెళ్లిన పాత తొక్కుడు కుట్టుమిషనొక్కటే ఆస్తి. పెళ్లి మాట ఎవరెత్తినా “చేతిలో పని ఉంది, తర్వాత చూద్దాం” అనేది. ఆ తర్వాత అనేది ఇరవై ఏళ్లుగా రాలేదు.

ఆరేళ్ల క్రితం పక్క గదిలోకి గడియారాలు బాగుచేసే ఆయన దిగాడు. రెండు గదులకూ నడుమ ఉన్నది పలచటి ఒంటి ఇటుక గోడ. గడియారం పని కళ్లతో అయిపోయేది కాదు. టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉందో లేదో చెవి ఆనించి వినాలి. ఆయన సరిగ్గా ఊపిరి బిగబట్టే వేళకు అవతల మిషను దడదడలాడేది. ఆయన సుత్తి పిడితో గోడ మీద మూడు దెబ్బలు వేసేవాడు. వెంటనే ఆమె రెట్టింపు జోరుగా తొక్కేది. కుట్టడానికి ఏమీ లేకపోతే చింకిగుడ్డ పెట్టి మరీ తొక్కేది. తప్పు ఇద్దరిదీ. ఆ మాట అనే ధైర్యం మాత్రం వీధిలో ఎవరికీ లేకపోయింది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఈ ఏడు స్కూలు వాళ్లు అరవై చొక్కాలు కుట్టమని ఇచ్చి, సోమవారం పొద్దున్నకు అందకపోతే ఇకపై పెద్ద షాపుకే ఇస్తామన్నారు. ఆ పని పోతే ఆమె గది ఖాళీ చేసి అన్నయ్య ఇంటికి పోవాల్సిందే. వదిన చెడ్డదేం కాదు. ఆ మంచితనం నీడలో చేతులు కట్టుకుని బతకడమే ఆమె వల్ల కాదు.

శుక్రవారం మధ్యాహ్నం మిషను కుట్లు తప్పడం మొదలుపెట్టింది. సూది మార్చింది, దారం మార్చింది, ఏమీ కుదరక చివరికి మిషనుకే దండం పెట్టింది. మెకానిక్ బుధవారం దాకా రానన్నాడు. ముప్ఫై రెండు చొక్కాలు ఇంకా ముక్కలుగానే ఉన్నాయి. వాటిని ఒళ్లో వేసుకుని ఏడుస్తూ ఉంటే ఎవరో తలుపు దబదబ బాదారు. ఇంకెవరు, పక్క గది ఆయనే.

“ఇదేం పద్ధతండీ? ఆ దడదడ చాలదని పది రోజులుగా కొత్తగా ఒక టక్కు కలిపారు! చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కు! నన్ను ఏడిపించడానికి ఏం బిగించారో మర్యాదగా విప్పేయండి!”

“నేనేం బిగించలేదు. ఏ టక్కు?” అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

ఆయన కోపం సగానికి దిగిపోయింది. “మీకు వినపడటం లేదా?”

“రోజంతా దాని ముందే కూచునేదాన్ని, నాకేం తెలుస్తుంది!”

“ఒకసారి తొక్కండి.”

ఆరేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆమె తొక్కింది. ఆయన నేల మీద మోకాళ్లూని బల్లకు చెవి ఆనించాడు. కింది దారం అందించే షటిల్‌ను తిప్పే చిన్న పిన్ను అరిగిపోయిందని తేల్చాడు. పాత గోడగడియారం నుంచి ఉక్కు పిన్నొకటి తీసి, ఆకురాయితో గంటసేపు అరగదీసి బిగించాడు. కుట్టు ముత్యాల్లా పడింది.

“నా మిషను గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసే!” అందామె.

“తెలియక చస్తానా? ఆరేళ్లుగా ఇంకేం వినగలిగాను!”

అంతటితో పోకుండా, శని ఆదివారాలు తన గడియారాలు పక్కన పెట్టి, కంటికి అద్దం తగిలించుకుని చొక్కాలన్నింటికీ గుండీలు కుట్టాడు. ఆమెకు నవ్వాగలేదు. సోమవారం పొద్దున్నే అరవై చొక్కాలూ స్కూలుకు చేరాయి. వచ్చే ఏటి పని కూడా ఆమెకే ఖాయమైంది.

ఆ తర్వాత ఆమె మూడు రోజులు మిషను ముట్టలేదు, ఒళ్లు హూనమైపోయింది. మూడో రోజు సాయంత్రం గోడ మీద దబ్ దబ్ దబ్ మని మూడు దెబ్బలు! ఆమె చీపురు చేతిలో ఉండగానే ఆయన గదికి వెళ్లింది.

“మిషను తొక్కడమే లేదు కదండీ! మళ్లీ ఎందుకు కొట్టారు?”

“అందుకే కొట్టాను,” అన్నాడాయన తల ఎత్తకుండా. “చప్పుడు లేక మూడు రోజులుగా ఒక్క పనీ సాగడం లేదు. మీకేమైనా అయిందేమోనని భయమేసింది.”

ఆమె చీపురు గోడకు ఆనించింది. తన అలికిడి వినపడకపోతే కంగారుపడే మనిషి తల్లి పోయాక ఆమెకు ఎవరూ లేరు. చెప్పొద్దూ, ఆమెకు కళ్లు చెమర్చాయి.

“అంత భయమైతే గోడకు అవతల నా పక్కనే కూచుని పని చేసుకోండి,” అంది.

“ఆ గోడలోంచి ఎన్నోసార్లు విన్నాను, తర్వాత చూద్దాం అనరు కదా?”

“అనను.”

పెళ్లయ్యాక రెండు గదులూ కలపడానికి మేస్త్రిని పిలిచారు. తలుపు ఎక్కడ పెట్టమంటారని అడిగాడు మేస్త్రి. ఆరేళ్ల సుత్తి దెబ్బలకు ఒకచోట సున్నం రాలి, ఇటుక కూడా సగం కదిలి ఉంది. ఇద్దరూ ఒకేసారి అక్కడే వేలు పెట్టి చూపించారు.