ముందద్దం మీద బొటనవేలు
అరవైల చివర్లో, యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేట్‌కు వాళ్ల మేనమామ లండన్ నుంచి రెండు ప్లాస్టిక్ కార్లు పంపాడు. భాగాలు అతికించి మనమే తయారుచేసుకోవాలి. వాడు ఒకటి నాకిచ్చాడు. ఇద్దరికీ అదే మొదటిసారి. జిగురు ఎక్కువై నా కారు చక్రాలు బిగుసుకుపోయాయి. వాడిది మాత్రం బల్ల మీద జర్రున పోయేది. నాకు ఒళ్లు మండింది. వాడు చాయ్ తాగడానికి తార్నాక వెళ్లగానే, జిగురంటిన బొటనవేలితో వాడి కారు ముందద్దాన్ని గట్టిగా నొక్కాను. అద్దం మసకబారింది.

సాయంత్రం పక్కగదివాడు వచ్చి ఆ కారు చేతిలోకి తీసుకున్నాడు. "ఏం పనితనం రా భయ్! అద్దం మీద మన తార్నాక దుమ్ము గూడ పట్టించినవ్!"

మావాడు కాదనలేదు.

రెండు కార్లలోనూ నా చేతి మీదుగా జరిగిన మెచ్చదగ్గ పని అదొక్కటే. అది నాదని చెప్పుకోలేక ఇప్పటికీ కుళ్లుకుంటున్నాను.